మోకాలి చిప్ప కింద

జూన్ 3, పోర్ట్ బ్లెయిర్
ఈ ఊరంతా ఎక్కుళ్ళూ దిగుళ్ళే. ఎక్కేటప్పుడు నా మోకాలు ఊరుకుంటుంది. అబర్డీన్ బజారు నుంచి కిందికి దిగేటప్పుడే చిప్ప కింద సూదిలా దిగబడుతుంది. దిగువకి అడుగేసిన ప్రతిసారీ ఒంటి బరువుని ఆపుతూ తొడ కండరం సాగాలి. ఆ లాగుడంతా చిప్పని కింది ఎముకకి కట్టిన టెండన్ మీద పడుతుంది. వాపు లేదు, ఎరుపు లేదు. చూసేవాళ్ళకి నాకేమీ లేనట్టే.

జూన్ 8
ఇక్కడ అయిదు కాకముందే తెల్లారిపోతుంది. మెరీనా పార్కు పక్కన పరిగెత్తేవాళ్ళని చూస్తూ కూర్చున్నాను. నాతో పరిగెత్తినవాళ్ళు చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. నొప్పి కంటే ఇదే కష్టంగా ఉంది.

జూన్ 15
సోంపేట నుంచి మా అప్ప ఫోను: వావిలాకు మరిగించి కాపడం పెట్టుకోమని. పక్కింటి నికోబారీ ఆవిడ నోని ఆకుకి కొబ్బరినూనె రాసి, వెచ్చచేసి తనే కట్టింది. కట్టినంతసేపూ హాయి. పొద్దున్న మెట్లు దిగితే మళ్ళీ అదే పోటు. అయినా ఆ హాయిని తీసిపారెయ్యను. రాత్రి నిద్ర పట్టింది.

జూన్ 27
వాన. బడి నుంచి వచ్చి చదువుతూ కూర్చున్నాను. హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అని స్వీడన్ సర్జను. మడమ వెనక టెండన్ పాడై పరుగు మానేసిన పదిహేనుమంది చేత, నొప్పి ఉన్నా సరే, మెట్టు అంచు మీద నించుని మడమని మెల్లగా కిందికి దించే కసరత్తు చేయించాడు. రోజుకి రెండు పూటలా, 12 వారాలు. అందరూ మళ్ళీ పరుగులో పడ్డారు. 1998లో అచ్చయిందా పరిశోధన.

ఇంకొకటి 2013లో డెన్మార్క్‌ది. 1950లు, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆనవాళ్ళు మడమ టెండన్లలో వెతికారు. దాని నడిమి భాగం పదిహేడేళ్ళ వయసు దాకా తయారై, ఆ తర్వాత దాదాపు మారదట. మోకాలిదీ అలాంటి కణజాలమే. కండరంలా వారాల్లో మారుతుందని ఎదురుచూడ్డం అన్యాయం. చాలాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నాను.

జూలై 6
ఫిజియోథెరపిస్టు అమ్మాయి హిందీలో మందలించింది. "పూర్తిగా కూర్చోబెడితే టెండన్ ఇంకా నీరసిస్తుంది సార్. నొప్పి పదికి మూడు దాకా రానివ్వండి. మర్నాడు పొద్దున్నకి పెరగకుండా ఉంటే చాలు." గోడకి వీపు ఆనించి, కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు 45 సెకన్లు. అలా అయిదుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాల విరామం. వానకి చెమ్మగిల్లిన గోడ సున్నం చొక్కాకి అంటుతోంది. ముప్పై దాటేసరికి తొడ వణుకు మొదలవుతుంది, ముక్కు మీంచి చెమట బొట్టు కింద పడుతుంది. లేచాక కాసేపు మోకాలు తేలికగా ఉంది.

జూలై 19
జంగ్లీఘాట్‌లో చేపలు. అమ్మేది మా జిల్లా ఆవిడే. "ఏటి మేష్టారూ, కుంటతన్నారు?" అంది. ఆవిడ లేచేటప్పుడు చూశాను: కత్తిపీట మీంచి ఒక చెయ్యి స్తంభానికి, ఒక చెయ్యి మోకాలికి.

"దాక్తరు బాబు రెస్టు తీస్కోమన్నాడు. నాను కూకుంటే గంపెవులు మోస్తారు?"

సెలవున్నవాడికి చెప్పే వైద్యం ఆవిడకి చెప్పి పంపేశారు. పని మానకుండా మోకాలిని ఎలా కాపాడుకోవాలో చెప్పాలి కదా. గంప రెండు విడతలుగా మొయ్యడం, గొంతుకు కూర్చోకుండా కత్తిపీటని ఎత్తు బల్లకి బిగించుకోవడం. బల్ల సంగతి చెప్పాను. "ఆ జాగా ఎవులిస్తారు బాబూ" అంది. మార్కెట్టులో మనిషికి దొరికేది రెండు మూరల నేల. మోకాలి వైద్యం అక్కణ్ణించి మొదలవ్వాలని నా గట్టి నమ్మకం.

ఆగస్టు 2
పాత సైకిలు బయటికి తీశాను. సీటు కాస్త ఎత్తు చేస్తే మోకాలు లోతుగా ముడవక్కర్లేదు, ఒంటి బరువు సీటు మోస్తుంది. ఈ దీవులు సైకిలుకి పేరు పడ్డవి. సునామీని తట్టుకుని బతికిన సైక్లిస్టు డెబొరా హెరాల్డ్ ఇక్కడి పిల్లే. ఇక్కడివాడే ఈసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లో జూనియర్ ప్రపంచ సైక్లింగ్ పోటీల్లో వెండి పతకం తెచ్చాడు. నేను సముద్రం పక్కన చదును దారిలో తొక్కాను. ముఖానికి గాలి తగిలి ఎన్నాళ్ళయిందో!

ఆగస్టు 17
నిన్న సంతోషం పట్టలేక షాదీపూర్ దిగుడు జోరుగా నడిచాను. ఈ పొద్దున్న నొప్పి అయిదుకి చేరింది. ఫోను చేస్తే ఆ అమ్మాయి కంగారు పడలేదు. "మొదటికి రాలేదు సార్, ఒక మెట్టు వెనక్కి వెళ్దాం" అంది. ఈ వారం గోడ, సైకిలు. దిగుడు వచ్చే ఆదివారం, అదీ సగం దాకా.