తిరుపతి దారిలో సొరంగం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు, చిన్నప్పుడు ఇంటివాళ్లతో పోయిన యాత్రల గురించి ఏమైనా రాయండన్నా అని తమ్ముళ్లు అడిగినప్పుడు మా బ్యాచ్ వాళ్లం ఒకరి మొఖం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. ఎందుకంటే మేము మొదటిసారి రాసిన యాత్ర శుద్ధ అబద్ధం.

2003 జూన్ నెల. మేము ఆరో తరగతి. బడి తెరిచిన వారంలోనే తెలుగు సారు "వేసవి సెలవులు ఎలా గడిపితిరి?" అని వ్యాసం రాయమన్నారు. హాస్టల్ పిల్లలం పదకొండు మందిమి ఉంటే పదకొండు మందిమీ తిరుపతికి పోయొచ్చినాం! ఒకని నోటుబుక్కు చూసి ఒకడు ఏడు కొండలు, గుండు, లడ్డు అని రాసుకుంటూ పోయినాం. నిజానికి అప్పటికి మాలో ఎవ్వరమూ తిరుపతి చూడలేదు.

మేము చూసింది గుంటూరు. కోసిగి, పెద్దకడుబూరు, ఆదోని పక్కపల్లెల వాళ్లకు సుగ్గి అంటే ఏమిటో చెప్పే పనిలేదు. తక్కిన వాళ్ల కోసం రాస్తున్నాం. మా పక్క వాన మీద ఆధారపడిన చేలే ఎక్కువ. వేరుశనగ, పత్తి చేతికొచ్చినా రాకున్నా సంక్రాంతికి పని అయిపోతుంది. అప్పుడు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఇంటికి తాళమేసి, గుమ్మానికి ముళ్లకంప అడ్డంపెట్టి, మిరపకాయల కోతకు పోవడమే సుగ్గి. ఊళ్లో మిగిలేది కదలలేని అవ్వలు, తాతలు. మూడో తరగతిలో హాస్టల్‌లో చేరేదాకా మేమూ అమ్మానాయనల వెంట పోయినవాళ్లమే. సంక్రాంతికి బండెక్కితే ఉగాదికే తిరిగి రావడం. బడి ఆ మూడు నెలలూ మాకు లేనట్టే.

గుంతకల్లులో బండి మారాలి. జొన్నపిండి మూటలు, సత్తుగిన్నెలు, పరుపు చుట్టలు, పసిబిడ్డలు, గంపలో కోళ్లు. నంద్యాల దాటి గాజులపల్లి పోయినాక నల్లమల అడవి మొదలవుతుంది. ఆపైన బొగద, అదే సొరంగం. పెట్టెలో ఉన్నట్టుండి చీకటి పడేది. పిల్లలమంతా గొంతు చించుకుని అరిచేవాళ్లం. ఒకసారి మా గంపలోని కోడిపుంజు, బండి సొరంగం దాటి వెలుతురు రాగానే తెల్లవారిందనుకుని గట్టిగా కూసింది. ఎదురుగా టీసీ! నాయన గంప మీద తువ్వాలు కప్పి దండం పెట్టినాడు. టీసీ నవ్వుకుంటూ పోయినాడు కాబట్టి బతికిపోయినాం.

అక్కడ చేను గట్టు మీద పట్టాలతో వేసుకున్న గుడిసెలే ఇండ్లు. పెద్దవాళ్లు చీరకొంగు ఒడికట్టుకుని కాయలు కోసేవాళ్లు. మేము చెట్టుకు కట్టిన చీర ఊయలలో తమ్ముళ్లను ఊపడం, కళ్లంలో ఎర్రకాయల్లోంచి తాలుకాయలు ఏరడం. ఆ చేతులతో కన్ను నలుపుకుంటే ఆ రోజంతా ఏడుపే. రాత్రి అమ్మ చేతులు మండి నిద్రపట్టక నీళ్ల బిందెను కావలించుకుని కూర్చునేది. ఇవన్నీ ఉన్నా ఒక మాట దాచకుండా చెప్పాలి, మాకు అక్కడ సంతోషంగానే ఉండేది. మా ఊర్లో బిందెనీళ్లకు కొట్లాటలు, అక్కడ సాగర్ కాలువ నిండా నీళ్లు. మధ్యాహ్నమంతా కాలువలోనే. మేము "యాడికి పోతావప్పా" అంటే ఆ ఊరి పిల్లలు నవ్వేవాళ్లు. వాళ్లు "ఏందయ్యో" అంటే మేము నవ్వేవాళ్లం.

శివరాత్రికి కోత ఆపేవాళ్లు. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ తిరునాళ్లకు అందరం పోయేవాళ్లం. ఆకాశమంత ఎత్తు ప్రభలు, వాటి నిండా రంగురంగుల కరెంటు దీపాలు. నాయన భుజాల మీద కూర్చుని చూసినాం. అమ్మ చెరుకుముక్క నములుతూ నేల మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. మూడు నెలల్లో అమ్మ పనిలేకుండా కూర్చోవడం మేము చూసింది ఆ ఒక్కరోజే.

మరి వ్యాసంలో ఇవన్నీ ఎందుకు రాయలేదు? నామోషీ. కూలికి పోయినామని రాస్తే తక్కిన పిల్లల ముందర తల ఎత్తుకోలేమని. అయితే మాలో ఒకడు తిరుపతి రాస్తూ రాస్తూ "దారిలో పెద్ద సొరంగం వచ్చినది, అందరమూ కేకలు వేసితిమి" అని రాసేసినాడు. సారుది గిద్దలూరు పక్క ఊరు.

"ఏ సొరంగంరా?"

"నల్లమల్లో, సార్."

"గుంటూరు బండా?"

వాడు తల వంచుకున్నాడు. సారు నోటుబుక్కు మూసి చేతికిచ్చి, "వచ్చే ఏడాది అదే రాయి. బాగుంటుంది" అన్నారు. అంతకుమించి ఒక్కమాట అనలేదు.

మరుసటి ఏడాది మేము మళ్లీ తిరుపతే రాసినాం. వాడు రాయడానికి రాలేదు. ఆ ఎండాకాలం వాళ్ల నాయనకు జబ్బు చేసింది, అడ్వాన్సు తీరలేదు, వాని చేతులు పనికొచ్చినాయి. వాని ట్రంకుపెట్టె మా గదిలోనే ఉండిపోయింది. దానికి తాళం లేకున్నా ఎవ్వరం తెరవలేదు. దసరా ముందర వాళ్ల చిన్నాయన వచ్చి తీసుకుపోయినాడు. మేము పదో తరగతి పాసై తలా ఒక దిక్కు పోయినాం. ఒకరు టీచరు, ఒకరు కండక్టరు, ఇద్దరు బెంగళూరులో ఉన్నారు.

పోయినసారి పాత విద్యార్థుల సమావేశానికి వాన్నీ పిలిపించినాం. ఇద్దరు కూతుళ్లనూ హాస్టల్‌లోనే చదివిస్తున్నాడు, సుగ్గికి మాత్రం తీసుకుపోడంట. భోజనాల కాడ మా పక్కన కూర్చుని, ఆ వ్యాసం సంగతి తానే ఎత్తినాడు.

"మొన్న పిల్లోళ్లను తిరుపతికి తీసుకపోతి. దారంతా చూస్తానే ఉంటి. సొరంగం లేదప్పా ఆడ."