సుడోవారి గ్రంథపాతం

కంప్యూటరుకు కోపం వస్తే సాధారణంగా రెండే మాటలంటుంది: "అనుమతి లేదు" అని, లేకపోతే "దొరకలేదు" అని. నా మట్టుకు ఈ రెండోదే ప్రమాదకరమని తోస్తుంది. అనుమతి లేకపోతే అడిగి తెచ్చుకోవచ్చు. అనుమతి చేతికి వచ్చాక కూడా దొరకలేదంటే ఇక ఎవరిని అడగడం?

పెదకాకాని నుంచి మా దగ్గర ఎం.ఏ. తెలుగు చదవడానికి వచ్చే అమ్మాయి ఒకతె ఉంది. మిరప పండించే ఇంటి పిల్ల. పాత పుస్తకాల ఫొటోలు చూసి వాటిని అక్షరాలుగా మార్చే టెస్సరాక్ట్ అనే సాఫ్టువేరును డిపార్టుమెంటు కంప్యూటరులో పెట్టుకోబోయింది. 1985-94 మధ్య హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీలో తయారై, 2005లో అందరికీ ఉచితమైన సాధనమది. తెలుగు కూడా చదువుతుంది. ఆ కంప్యూటరులో ఉన్నది ఉబుంటు.

మా కాలేజీకి ఇంటర్నెట్టు నేరుగా రాదు. గుంటూరు మిరపయార్డులో కమిషన్ ఏజెంటును దాటి బస్తా పోనట్టు, ఇక్కడ ప్రాక్సీ అనే దళారి గుండా పోవాలి. ఆ దళారి చిరునామా అమ్మాయి తన ఖాతాలో రాసుకుంది. మామూలు ఫైళ్లన్నీ చక్కగా దిగుతున్నాయి. ఇన్‌స్టాల్ చెయ్యడానికి మాత్రం పెద్దరికం కావాలి గనక, లాబ్‌వారు అనుమతిస్తే ఆజ్ఞకు ముందు 'సుడో' చేర్చింది. వెంటనే "సర్వరు దొరకలేదు" అని జవాబు!

లాబ్ అటెండరు, "మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కిద్దామండీ" అన్నాడు. అమ్మాయి మాత్రం, "తెలుగంటే దీనికి పడదేమో మాస్టారూ. నేనే కూర్చుని టైపు చేసుకుంటాను" అంది. నాలుగు వందల పుటలు! ఆ మాటే నాకు గుచ్చుకుంది. తప్పు యంత్రం అమరికలో ఉంటే, మన పిల్లలు దాన్ని తమ నెత్తినో, తమ భాష నెత్తినో వేసుకుంటున్నారు.

నాకు కంప్యూటరు విద్య రాదు గాని, ఒకే కావ్యానికి రెండు తాళపత్ర ప్రతులు దొరికితే ఏం చెయ్యాలో తెలుసు. పక్కపక్కన పెట్టి ఎక్కడ పంక్తి జారిపోయిందో చూడాలి. దాన్నే గ్రంథపాతమంటాం. 'ఎన్వ్' అనే ఆజ్ఞ ఇస్తే కంప్యూటరు తన చుట్టూ ఉన్న అమరికల జాబితా చదువుతుందిట. ఒకసారి మామూలుగా, ఒకసారి సుడోతో చదివించాం. మొదటి ప్రతిలో ప్రాక్సీ చిరునామా ఉంది. రెండో ప్రతిలో లేదు.

అది దొంగతనం కాదు, ఆచారం. సుడో 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో పుట్టింది. గర్భాలయంలోకి పోయేవాడు చెప్పులూ సంచీ బయట పెట్టినట్టు, పెద్దరికం తీసుకునేవాడు తన సొంత అమరికలు చాలావరకు వాకిట్లో వదలాలని ఉబుంటులో నియమం. 'పాత్' అనే దారుల జాబితాను కూడా మార్చేస్తుంది. లేకపోతే ఎవరో అసలు ప్రోగ్రాము బదులు అదే పేరుతో దొంగ ప్రోగ్రామును దారిలో పెట్టి, పెద్దరికంతో నడిపించెయ్యగలరు. నియమం మంచిదే. చిక్కల్లా గోత్రం రాసిన కాగితం కూడా ఆ సంచిలోనే ఉండిపోవడం.

విండోస్‌లోనూ ఈ తంతు ఉంది. 2007లో విస్తా వచ్చినప్పటి నుంచి, నెట్‌వర్కు ద్వారా కలుపుకున్న డ్రైవు మామూలుగా కనిపిస్తూనే, అడ్మినిస్ట్రేటరుగా నడిపితే మాయమయ్యే సందర్భాలున్నాయి.

మందు ఏమిటంటారా? సుడోకు 'హైఫన్ ఈ' తగిలిస్తే సంచి మొత్తం లోపలికి మోసుకుపోవచ్చు గాని, కాగితం ఒక్కటి కావలసినప్పుడు సంచంతా ఎందుకు? ఇన్‌స్టాల్ చేసే 'ఆప్ట్' సొంత అమరికల ఫైలులోనే ప్రాక్సీ చిరునామా రాయించాం. సాఫ్టువేరు నిమిషాల్లో దిగింది. సుడో నియమావళినే మార్చవలసి వస్తే మాత్రం 'విసుడో'తోనే తెరవాలి. అది రాతలో తప్పుంటే పట్టి చెబుతుంది.

పోతే, ఇంకొక జాగ్రత్త. అడుగడుగునా సుడో వాడితే, అది సృష్టించిన ఫైళ్లు పెద్దాయన పేర పడి, రేపు మన ఇంట్లోనే మనకు "అనుమతి లేదు" అంటాయి. అంచేత కావలసిన మెట్టు దగ్గరే పెద్దరికం వాడుకుని వెంటనే దిగిపోవాలి. మామూలుగా నడిచింది పెద్దరికంతో నడవకపోతే యంత్రాన్ని తుడిచెయ్యకండి, మిమ్మల్ని నిందించుకోకండి. ముందు రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చదవండి.