అతుకు కూడా వంగాలి

సంక్రాంతికి ముందు బూజులు దులపడం అందరిళ్ళలోనూ ఉండే పనే. ఆ పని చేస్తూ నేను చేసిన నిర్వాకం మాత్రం మీలో ఎవరూ చేసి ఉండరు. మా మామయ్య చేపలు పట్టే గాలపు కర్రని విరగ్గొట్టేశాను!

ఇది 2019 జనవరి నాటి మాట. మేముండేది సికింద్రాబాద్‌లో, మల్కాజిగిరి వైపు. పాతకాలపు ఇల్లు, కప్పు బాగా ఎత్తు. బూజుకర్ర అందలేదు. అటక మీద గుడ్డ సంచిలో పొడుగ్గా ఏదో కనిపిస్తే లాగాను. మామయ్య ఫైబర్‌గ్లాస్ రాడ్. రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరిస్తే ఏడడుగులవుతుంది. ఇంకేం, కొసకి చీపురు కట్టేశాను. మూలన ఉన్న సాలెగూడు ఓ పట్టాన వదలకపోతే కాస్త గట్టిగా అదిమాను. ‘టక్’మంది. పై ముక్క సరిగ్గా మధ్యకి విరిగి, చీపురుతో సహా నా నెత్తిన పడింది.

ఒక కర్ర విరిగితే ఇంత కంగారు దేనికీ అంటారేమో! మా అత్తమ్మ 2018 మే నెలలో పోయింది. అప్పట్నుంచీ మామయ్య మాట్లాడ్డం మానేశారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో కుళాయి కారితే ఎవర్నీ పిలవనిచ్చేవారు కాదు. అలాంటాయన పొద్దున లేచి వరండాలో కుర్చీలో కూర్చుంటే చీకటి పడేదాకా అక్కడే. పళ్ళెంలో అన్నం నాలుగు ముద్దలు కెలికి చెయ్యి కడిగేసుకునేవారు. “టీవీ చూడండి మామయ్యా, గుడికి వెళ్ళి రండి మామయ్యా” అని నేను, “అట్లా పార్క్ దాకా నడువు నాన్నా” అని మావారు, పొద్దస్తమానం ఆయన వెంటపడేవాళ్ళం. ఆయన తల ఊపేవారు. అంతే!

ఆ రాడ్ ఆయన 1986లో జీతం డబ్బుల్లోంచి మిగుల్చుకుని కొన్నదట. చలికాలం ఆదివారాల్లో కరీంనగర్ రోడ్డు మీద శామీర్‌పేట చెరువుకి వెళ్ళేవారు. సాయంత్రానికి చేప దొరికితే అత్తమ్మ పులుసు పెట్టేది, దొరక్కపోతే ఎగతాళి పట్టించేది. ఆవిడ పోయాక ఆ సంచి అటకెక్కింది.

అందుకే నా గుండె జారిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఆ సంచీలోనే దాచేద్దామనుకున్నాను గానీ మనసొప్పలేదు. కర్ర లోపల గొట్టంలా బోలుగా ఉంది. నా దగ్గర స్వెటర్లు అల్లే స్టీలు సూదులున్నాయి కదా! ఒక సూదిని ముక్క విరిచి లోపలికి దూర్చి, నిమిషంలో అతుక్కునే జిగురు వేసి, పైన టేపు చుట్టాను. చూస్తే భలే గట్టిగా ఉంది. ఎంత వంచినా అతుకు దగ్గర కదల్లేదు. నా తెలివికి నేనే మురిసిపోయి, సంచీలో పెట్టి మూతికి తాడు కట్టేశాను.

పండగ వెళ్ళిన ఆదివారం మావారికి ఏం తోచిందో, “నాన్నా, శామీర్‌పేట పోదాం పద” అన్నారు. ఆయన కాదనలేదు. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. అటక మీంచి సంచి దిగనే దిగింది!

మన చెరువుల్లో చాలావాటి మీద చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలకి ఉంటుంది. వాళ్ళని అడక్కుండా గాలం వెయ్యకూడదు. మామయ్య గట్టు మీద ఉన్న మనిషిని అడిగి, డబ్బులిచ్చి, వచ్చి కూర్చున్నారు. తంగూసు ఎక్కించి, ఎర గుచ్చి, ఒక్క విసురు విసిరారు. మళ్ళీ అదే ‘టక్’! నా అతుకు చెక్కు చెదరలేదు. దాని పక్కనే విరిగింది.

నాకు ఏడుపొచ్చేసింది. “మామయ్యా, నేనే...” అని మొదలుపెట్టానో లేదో, ఆయన చేయి అడ్డంపెట్టారు.

“ఎరికే బిడ్డా. సంచి మూతికి నేనేసే ముడి వేరే ఉంటది.”

ఎనిమిది నెలల తర్వాత నాతో ఆయన మాట్లాడిన మొదటి పెద్ద మాట అది! విరిగిన చోటు వేలితో తడిమి చూసి, “సూది వంగదు. కట్టె వంగుతది. వంగనిదాన్ని వంగేదాని లోపట పెడితే, అది ఆగిపోయిన జాగల ఇది ఇరుగుతది” అన్నారు. ఫిట్టర్ బుద్ధి పోతుందా!

ఆ తర్వాత రాడ్ పక్కన పెట్టేసి, తంగూసుని ఒక చెక్కముక్కకి చుట్టి చేతిగాలం వేశారు. పొద్దున ఎనిమిదింటి నుంచి పదకొండు దాకా బెండు కదిలితే ఒట్టు. నాకు విసుగొచ్చి గాలం లాగి, మళ్ళీ ఇంకోచోట విసురుతుంటే ఆయన ఆపారు.

“గట్ల గుంజకు బిడ్డా. సలికి మనమే ముడుచుకొని పంటం, చాప పన్లేదా? ఎండ పొడవనీ.”

తర్వాత చెప్పిన సంగతులు మీకూ పనికొస్తాయేమో, రాస్తున్నాను. చేప ఒంటికి సొంత వేడి ఉండదు. నీళ్ళు ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్ళూ అంతే. నీళ్ళు చల్లబడితే ఆకలి తగ్గుతుంది, కదలికా తగ్గుతుంది. అందుకే చేపల చెరువుల వాళ్ళు కూడా చలికాలంలో మేత తగ్గించి వేస్తారు. కాబట్టి చలికాలంలో పొద్దున్నే లేచి పరుగెత్తడం దండగ. పదకొండు నుంచి మూడు మధ్య, ఎండ ఎక్కువసేపు పడే ఒడ్డు చూసుకోవాలి. రాత్రి చలికి చేప లోతుకి పోతుంది, ఎండ కాశాక మెల్లగా పైకొస్తుంది. ఎర చిన్నది పెట్టాలి. ఆకలి లేనివాడికి కంచం నిండా వడ్డిస్తే తింటాడా? బెండు కూడా వానాకాలంలోలా గుబుక్కున మునగదు, కాస్త ఒరుగుతుంది అంతే. ఆ ఒరగడం కనిపెట్టాలి.

కొరమీను సంగతి ఇంకా వింత. నీళ్ళలో ఉండే గాలి దానికి చాలదు, పైకొచ్చి నోటితో గాలి పీల్చుకుని పోతుంది. మన తెలంగాణ రాష్ట్ర చేప అదే. అది లేచినచోట నీళ్ళలో సుడి కనిపిస్తుంది. చలికి దాని కదలికా మందగిస్తుంది కాబట్టి కప్పలాంటి ఎర దాని నోటి దగ్గరికే పోవాలి, అదీ నెమ్మదిగా. మిట్టమధ్యాహ్నం ఒక బొచ్చ పడింది, అరకిలో కూడా లేదు. మామయ్య దాన్ని చూసి నవ్వారు. సంతోషపడ్డానా అంటే, విరిగిన రాడ్ అక్కడే ఉండగా ఎలా పడతాను?

ఆ రాత్రి అమెరికాలో డాలస్ దగ్గరుండే మా తమ్ముడు వీడియోలో మాట్లాడాడు. వాడికి అక్కడ బాస్ అనే చేపని పట్టే పిచ్చి. జనవరిలో అక్కడి చెరువుల నీళ్ళు 10 డిగ్రీల దాకా చల్లబడతాయట. అప్పుడు బాస్ అడుగున కదలకుండా పడుకుంటుంది. చేప ఆకారంలో చేసిన ఉత్తుత్తి ఎర వేసి, కొంచెం కదిపి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊరుకుంటారట. “అక్కా, చలికాలంలో ఓడిపోయేది తొందరపడేవాడే” అన్నాడు. అక్కడ లైసెన్సు ఉండాలి, చాలా చెరువుల్లో 14 అంగుళాలకన్నా చిన్న బాస్ పడితే మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి. ఫోన్ పట్టుకున్నది నేనైనా, పక్కన కూర్చుని వింటున్నది మామయ్య. “మరి పడ్డదని ఎట్ల తెలుస్తది?” అని వాణ్ణి అడిగారు! తంగూసు కాస్త బరువెక్కినట్టుంటుందట, అంతే.

ఆ రాత్రి మావారూ నేనూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నాం. ఎనిమిది నెలలుగా మేం చేసింది ఏమిటి? గుంజడమేగా!

మర్నాడు ఆయనే పిలిచారు. “రా బిడ్డా, రాడ్ జేద్దాం. నా చెయ్యి వణుకుతున్నది, దారం నువ్వు చుట్టాలె.” చీరలకి ఫాల్స్ కుట్టే చేతులు కదా నావి, సరే అన్నాను. మీ ఇంట్లోనూ పిల్లల షటిల్ బ్యాట్ పిడో, గొడుగు కర్రో ఉంటుంది కాబట్టి ఎలా చేశామో చెబుతాను.

ముందు నా సూది ఉన్న ముక్కని కోసి పడేశాం. కోసేముందు టేపు చుట్టి కోస్తే పీచు లేవదు. ఫైబర్‌గ్లాస్ పొడి ఒంటికి తగిలితే దురద, ముక్కులోకి పోకూడదు, గుడ్డ కట్టుకోవాలి. రాడ్ కాస్త పొట్టిదైంది, ఫరవాలేదన్నారు. లోపల పెట్టడానికి ఏమిటా అని వెతికితే, మా బూజుకర్ర వెదురుదే! దాంట్లోంచి నాలుగంగుళాల బద్ద చీల్చి, గరుకు కాగితంతో గుండ్రంగా అరగదీశారు. రెండు కొసలూ పెన్సిలు చెక్కినట్టు సన్నం చేశారు. అప్పుడు వంపు ఒక్కచోట ఆగిపోకుండా మెల్లమెల్లగా పాకుతుందట. అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు దూరేలా పెట్టి, రెండు ట్యూబుల అరాల్డైట్ సమంగా కలిపి పూశాం. తంగూసు దూరే రింగులన్నీ ఒకే వరుసలో ఉన్నాయో లేదో కన్ను మూసి చూసుకుని, ఒక రోజంతా కదపకుండా ఉంచాం.

తర్వాత నా వంతు. ఎంబ్రాయిడరీ పట్టుదారం కొసని కర్ర వెంబడి పడుకోబెట్టి, దాని మీంచే వరస పక్కన వరస చుట్టుకుంటూ పోవాలి. ఇంకో పది చుట్లుండగా ఒక దారపు ఉచ్చు అడుగున పెట్టి చుట్టాలి. చివరి కొసని ఆ ఉచ్చులో దూర్చి, ఉచ్చుని లాగేస్తే కొస చుట్ల కిందికి పోయి దాక్కుంటుంది. ముడే అక్కర్లేదు! మొదటిసారి వదులుగా వచ్చింది. “మల్లా చుట్టు” అన్నారు. రెండోసారి వరసల మధ్య సందులు. “మల్లా.” నాలుగోసారికి “ఆఁ, గిది” అన్నారు. దాని మీద మా అమ్మాయి రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు.

రింగుల్లో దూది పెట్టి తిప్పి చూడమన్నారు. ఎక్కడైనా దూది పీచు తగులుకుంటే అక్కడ పగులున్నట్టే, అది తంగూసుని కోసేస్తుంది. రెండు ముక్కలు కలిసేచోట కొవ్వొత్తి రాస్తే పట్టేసుకోకుండా వస్తాయి. దారం చుట్టే చక్రానికి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. వంటింట్లో, కుట్టుపెట్టెలో ఉన్నవాటితోనే సగం రిపేరు అయిపోయిందంటే నమ్మండి.

ఎర కూడా నేనే కలిపాను. గోధుమపిండి, దంచిన పల్లీల పొడి, వేయించిన మెంతులపొడి చిటికెడు, గట్టిగా ముద్ద చేసి అందులో కాస్త దూది పీకి కలపాలి. అప్పుడు నీళ్ళలో విడిపోకుండా గాలానికి అంటిపెట్టుకునుంటుంది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం మళ్ళీ వెళ్ళాం, ఈసారి పదకొండింటికి. ఎవరం ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. గంటన్నర తర్వాత బెండు కాస్త ఒరిగింది. మామయ్య లాగలేదు. ఇంకొంచెం ఒరిగింది. అప్పుడు మణికట్టు ఒక్కసారి ఎత్తారు. రాడ్ విల్లులా వంగింది. నేను కళ్ళు మూసుకున్నాను. ‘టక్’ వినపడలేదు. తెరిచి చూస్తే నా చుట్లున్న చోటు కూడా మిగతా కర్రతో పాటే వంగి ఉంది. కిలోంపావు రవ్వ!

ఇంటికొచ్చి చేపని కళ్ళుప్పు, పసుపు వేసి రుద్ది కడిగి, పులుసు పెట్టాను. పులుసు ఉడికేటప్పుడు గరిటె పెట్టకూడదు, గుడ్డతో గిన్నె పట్టుకుని తిప్పాలి అని అత్తమ్మ చెప్పేది. అలాగే తిప్పాను. రాత్రి మామయ్య ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. “చింతపండు జర ఎక్కువైంది. మీ అత్తమ్మ గింత వెయ్యకపోవు” అన్నారు. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఆయన నోటివెంట ఆవిడ పేరెత్తడం అదే మొదలు. తర్వాత ఇంకొంచెం అన్నం పెట్టమన్నారు. నేను వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుని వచ్చి వడ్డించాను.

ఇప్పుడాయనకి మోకాళ్ళు సహకరించడంలేదు. ముందులా చెరువు గట్టు దిగలేరు. ఏడాదికోసారి, పుష్యమాసంలో, కారులో తీసుకెళ్ళి గట్టు మీద కుర్చీ వేస్తాం. రాడ్ నా చేతిలో ఉంటుంది. “గుంజకు, గుంజకు” అని పైనుంచి ఆయన అరుస్తుంటారు. మా అతుకు ఇంకా ఊడలేదు. కొత్తదానంత బలం దానికి రాదు, పెద్ద చేప పడితే ఏమవుతుందో చెప్పలేం. ఆయన మాత్రం దాని మీద వేలు పెట్టి నిమిరి, “చుట్టు మంచిగొచ్చింది” అంటారు ప్రతిసారీ.

బూజులు దులపడానికి మాత్రం మేమిప్పుడు నిచ్చెన కొనుక్కున్నాం. మీరు అటక సర్దేటప్పుడు ఏదైనా పాత సంచి దొరికితే, దాన్ని దేనికి వాడదామా అని చూడకండి. ముందు ఆ ముడి ఎవరిదో అడగండి.