బళ్ళారి ఎర్రదుమ్ము, ఎయిర్ ఫిల్టరు

1953లో మైసూరు రాష్ట్రంలో కలిసినా బళ్ళారి ఇళ్లల్లో తెలుగు పోలేదు. సండూరు కొండల ఇనుప ఖనిజపు ఎర్రదుమ్మూ పోలేదు.

అంబాసిడర్ కారున్న ఇంట్లో ఆదివారం బానెట్ లేవాల్సిందే. స్పార్క్ ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో మసి గీకి, కార్బురేటర్ జెట్టు నోటితో ఊది, రేడియేటర్లో నీళ్లు పోసేవారు. వంటింట్లో కిరోసిన్ పంపు స్టవ్వు మొరాయిస్తే పిన్ను పెట్టేదీ ఆ చేతులే.

2000 ప్రాంతంలో ఫ్యూయెల్ ఇంజెక్షన్ కార్లు మామూలయ్యాక ఆ పని స్కానర్ పట్టుకున్న మెకానిక్కుకి పోయింది. బండి దారిలో ఆగడం తగ్గింది, అది నిజంగా మేలే.

2011లో సుప్రీంకోర్టు ఇక్కడి ఇనుప గనులు ఆపించింది. తవ్వకాలు మళ్లీ మొదలయ్యాయి, దుమ్మూ లేస్తోంది. ఖనిజం లారీల రోడ్డు మీద తిరిగేవాళ్లు సర్వీసు తేదీ దాకా ఆగకండి. ఎయిర్ ఫిల్టరు మీరే తీసి చూడండి, ఎర్రబడితే మార్పించండి.