గ్రామఫోను పోషణము

శబ్దము ఆకాశగుణమనియు, పుట్టినవెంటనే నశించుననియు తార్కికులు చెప్పుదురు. అట్టి శబ్దమును పట్టి నిలిపి మరల వినిపించు యంత్రమును 1877లో ఎడిసను కనిపెట్టెను. పళ్లెమువంటి ప్లేటుపై పాడు గ్రామఫోనును 1887లో బెర్లినరు నిర్మించెను. 1902లో కలకత్తాయందు గౌహర్ జాన్ పాటలు ప్లేట్లకెక్కినవి. పిమ్మట కపిలవాయి రామనాథశాస్త్రిగారివంటి రంగస్థల గాయకుల పద్యములు తెలుగువారి యిండ్లలో మ్రోగినవి.

చీరాలలోని మా యింటను అట్టి యంత్ర మొకటి కలదు. మా మామగారి తల్లిగారికి పెండ్లియైన క్రొత్తలో వారి భర్తగారు కొన్నది. ఆమెకిపుడు తొంబది యేండ్లు, కన్నులు కనబడవు. నాటి పద్యముల ప్లేటు ఒక్కటియే మిగిలినది.

ఆ నడుమ ప్లేటు సగము తిరుగునప్పటికే గాయకుని గొంతు దిగజారి మూల్గుగా మారసాగెను. పాతసామానుల బేరగాడు వచ్చి, అలంకారమునకు పనికివచ్చునని వెలకట్టెను. రోగమేమో తెలియక రోగిని విడువరాదని మేము తలంచితిమి.

ప్లేటు క్రింద కాగితపుముక్క నుంచి, మావారు గడియారము చూచుచుండగా, చుట్లు లెక్కించితిమి. 20 సెకండ్లలో 26 చుట్లు తిరిగినచో నిమిషమునకు 78. అదియే సరియైన వేగము. మొదట సరిగా తిరిగి, పిదప మందగించెను. లోపల దబ్బుదబ్బుమను చప్పుడును వినవచ్చెను. స్ప్రింగుడబ్బాలో పాత గ్రీజు గట్టిపడి, ఉక్కుపట్టీ చుట్టలొకదానికొకటి అంటుకొనుటయే దీనికి కారణము. ఆ డబ్బాను ఇంట విప్పరాదు. పట్టీ చిమ్ముకొనివచ్చి చేతులు కోయును. కీ పూర్తిగా దిగనిచ్చి, తెలిసిన పనివానిచే పాత గ్రీజు కడిగించి, గ్రాఫైటు కలిసిన గ్రీజు పెట్టించితిమి. వేగమును అదుపుచేయు గవర్నరునకు మేమే కుట్టుమిషను నూనె చుక్క వేసితిమి. గొంతు బొంగురైనచో, సౌండుబాక్సులో అభ్రకపురేకు చుట్టునున్న రబ్బరు బిగుసుకొనెనేమో చూడవలయును.

వాడరేవు ఉప్పుగాలి మా యూరికి చేరువ. ఇనుము త్వరగా తుప్పుపట్టును. కావున పెట్టెమూత మూసియే యుంచుదుము. ప్లేట్లు లక్కతో చేసినవి. ఎండకు వంగును, స్పిరిటునకు కరగును. వానిని నిలువుగా నుంచి, మెత్తని పొడిబట్టతో గాడివెంబడి గుండ్రముగా తుడువవలయును.

అన్నిటికంటె ముఖ్యము ముల్లు. ఉక్కుముల్లును ప్రక్క కొకటి చొప్పున మార్చవలయును. పొదుపు పేరిట అరిగినదానినే వాడినచో గాడి చెక్కుకొనిపోవును. యంత్రము చెడినను బాగుపడును. గాడి చెడిన పద్యము మరల రాదు.

క్రొత్తముల్లయినను గాడిని ఇంచుక అరగదీయకపోదు. ఇది ఆ పెద్దావిడయు ఎరుగును. మూడు నిమిషములు విని, “చాలు నమ్మాయీ, మిగిలినది పిల్లల కుంచు” మందురు. ఆ మాట మేము చెవినిబెట్టము. ముల్లు మార్చి, ప్లేటు రెండవ ప్రక్కకు త్రిప్పుదుము.