ఐత్వం తెచ్చిన తంటా

పోయిన చలికాలమంతా నేనొక వాలెట్ తయారుచేస్తూ కూర్చున్నాను. వాలెట్ అంటే తోలుది కాదు లెండి, బిట్‌కాయిన్లు దాచుకునే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్. ఎడిసన్‌లో మా ఇంటి బేస్‌మెంటే నా ఆఫీసు. "సొంత పర్సులో ఇరవై డాలర్లుండవు గానీ ఊరందరికీ పర్సులు కుట్టిపెడుతున్నారు" అని మా ఆవిడ రోజుకోసారైనా అనేది.

తెలియనివాళ్ళ కోసం ఓ ముక్క. వాలెట్లో డబ్బుండదు. ఎవరికెంత ఉందన్న లెక్కంతా బ్లాక్‌చెయిన్ అనే ఖాతా పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం నకళ్ళు ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో ఉంటాయి. వాలెట్లో ఉండేది తాళంచెవి మాత్రమే. దాన్ని మనిషి కాగితం మీద రాసుకోగలిగేలా పన్నెండో ఇరవైనాలుగో మామూలు మాటల్లోకి మార్చే పద్ధతిని 2013లో ప్రతిపాదించారు. పేరు బిప్ 39. 2048 మాటల జాబితాలోంచి ఏరి ఇస్తుంది. ఇంగ్లీషు, జపనీస్, కొరియన్, ఆఖరికి చెక్ భాషకి కూడా జాబితా ఉంది. తెలుగుకి లేదు. ఆ మాటలకి తోడు, కావాలంటే మనకి నచ్చిన రహస్యపదం ఒకటి కలుపుకోవచ్చు. కాగితం దొంగ చేతిలో పడ్డా ఆ పదం తెలియకపోతే డబ్బు దొరకదు.

పని బాగానే సాగింది. ఒక బిట్‌కాయిన్‌కి పదికోట్ల సతోషీలు. దశాంశాలని నమ్ముకుంటే కంప్యూటరు 0.1కి 0.2 కలిపి 0.30000000000000004 అంటుంది, కాబట్టి లెక్కలన్నీ సతోషీల్లోనే చేశాను. పరీక్షలకి టెస్ట్‌నెట్ నాణేలున్నాయి. చిన్నప్పుడు ఆడిన బిజినెస్ ఆటలో నోట్లలాంటివన్నమాట, పనిచేస్తాయి గానీ విలువుండదు. ఆ తర్వాత ప్యాకింగు. విండోస్‌కి డిజిటల్ సంతకం, మ్యాక్‌కి సంతకంతో పాటు ఆపిల్ వాళ్ళ నోటరైజేషన్, లైనక్స్‌కి యాప్‌ఇమేజ్. మూడింటికీ 64 అక్షరాల హ్యాష్. దించుకున్నవాళ్ళు దాన్ని సరిచూసుకుంటే, మధ్యలో ఎవరూ ఫైలుని మార్చలేదని తెలుస్తుంది. సోమవారం విడుదల. గురువారం రాత్రికి అన్నీ పచ్చటి టిక్కులే.

ఆ ఉత్సాహంలో మా ఆవిణ్ణి పిలిచి "ఒకసారి వాడి చూడు" అన్నాను. తను పన్నెండు మాటలూ శ్రద్ధగా కిరాణా చీటీ వెనకాల రాసుకుంది. రహస్యపదం దగ్గర ఆగి, తెలుగు కీబోర్డు పెట్టుకుని "కైకలూరు" అని కొట్టింది. వాళ్ళ అమ్మమ్మగారి ఊరు. "తెలుగులో పెడితే ఇక్కడెవడికి అర్థమవుతుంది?" అంది. ఆ వాలెట్‌కి టెస్ట్‌నెట్ నాణేలు పంపాను. మా యాప్‌లోనే మళ్ళీ మొదట్నించీ తెరిపిస్తే డబ్బు భద్రంగా ఉంది.

"ఏవండీ, రేపు మీ కంపెనీయే ఎత్తేస్తే?"

"ఏం ఫరవాలేదు, ఏ వాలెట్లోనైనా తెరుచుకోవచ్చు, అదే దీని గొప్పదనం" అని, నిరూపించడానికి ఇంకో వాలెట్లో అవే మాటలూ అదే పదం కొట్టాను.

సున్నా.

తప్పుందని చెప్పలేదు, ఎర్ర గీతా రాలేదు. ఈ పద్ధతిలో రహస్యపదం తప్పు అన్న మాటే లేదు. ఏ పదం ఇచ్చినా ఏదో ఒక వాలెట్ తెరుచుకుంటుంది. మనది కాకపోతే ఖాళీగా ఉంటుంది, అంతే.

అర్ధరాత్రి దాకా తవ్వాను. రహస్యపదం లేకుండా సరిగ్గానే వస్తోంది. ఇంగ్లీషు పదంతోనూ వస్తోంది. "కలూరు" అంటే వస్తోంది. "కై" అంటే రావట్లేదు! అప్పుడు వెలిగింది. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు కలిపి. కంటికి ఒకటే, కంప్యూటరుకి వేరు. మొదటిది మూడు బైట్లు, రెండోది ఆరు. అందుకే ముందు అందరూ ఒకే రూపంలోకి మార్చుకోవాలని బిప్ 39 స్పష్టంగా చెబుతుంది. ఆ ఒక్క లైను నేను రాయలేదు. జపనీస్ పరీక్షలు పెట్టుంటే ఎప్పుడో దొరికేది. "మన యాప్ ఇంగ్లీషే కదా" అని పక్కనపెట్టింది నేనే. తెలుగు గుణింతపు గుర్తుల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. మా ఆవిడ వాళ్ళది గుడివాడ అయ్యుంటే నా తప్పు బయటపడేదే కాదు.

పొద్దున్నే మేనేజరుకి ఫోన్ చేశాను. "తెలుగులో పెట్టుకునేవాళ్ళు ఎందరుంటారు? తర్వాతి వెర్షన్లో సరిచేద్దాం" అన్నాడు. మామూలు సాఫ్ట్‌వేరైతే నేనూ అదే అనేవాణ్ణి. కానీ ఇది ఒకసారి జనంలోకి వెళ్తే, తప్పు లెక్కతో పుట్టిన వాలెట్లలో నిజం డబ్బు చేరుతుంది. తర్వాత మనం సరిచేసిన రోజున వాళ్ళకి కనిపించేది సున్నా. ఫ్రెంచి, స్పానిష్ భాషల్లో నెత్తిన గీతలుండే అక్షరాలదీ ఇదే కథ అని చెప్పాక ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఎన్ని రోజులు?" అన్నాడు. నాలుగు రోజులు తీసుకున్నాను. దిద్దింది ఒక్క లైనే. మిగతాదంతా మూడు ప్యాకేజీలూ మళ్ళీ కట్టడం, సంతకాలు, హ్యాష్‌లు. వాలెట్ పుట్టగానే దానికి ఎనిమిది అక్షరాల వేలిముద్ర చూపించే ఏర్పాటు కూడా చేర్చాను. కాగితం మీద రాసుకుంటే, రహస్యపదం తప్పు కొట్టినప్పుడు వేలిముద్ర మారిపోయి కనీసం అనుమానమైనా వస్తుంది.

ఇంత పట్టుదల నాకెందుకొచ్చిందంటే, 2016లో మా నాన్న పోయాక బీరువాలో ఒక ఫిక్సెడ్ డిపాజిట్ రసీదు కనిపించలేదు. అమ్మ, నేను డెత్ సర్టిఫికేటూ వారసుల కాగితాలూ పట్టుకుని మూడు నెలలు తిరిగాం. విసుక్కున్నాం కూడా. కానీ తిరగడానికి ఒక ఆఫీసుంది, కౌంటరు వెనక ఒక మనిషున్నాడు, చివరికి డబ్బొచ్చింది. ఇక్కడ ఆ కౌంటరు లేదు. ఉన్నదల్లా నేను రాసిన కోడు.

ఇప్పుడు మా పరీక్షల్లో కైకలూరు ఉంది. ప్రతి బిల్డ్‌కీ ఒకసారి ఆ ఊరు వెళ్ళి రావాల్సిందే.

విడుదలైన రాత్రి ఈ సంగతంతా మా ఆవిడకి గొప్పగా చెప్పాను. అంతా విని, "మరి మీ సొంత వాలెట్ మాటలు ఎక్కడ రాసిపెట్టారు? నాకెప్పుడూ చెప్పలేదే" అంది.

నిజమే, చెప్పలేదు. కొద్ది మొత్తమే కదా అనుకున్నాను. మా నాన్న కూడా అలాగే అనుకుని ఉంటాడు. ఆ రాత్రే కాగితం తీసి తనకి చూపించాను.