సైఫాబాదు టంకశాల నుంచి ఆబిడ్సు దాకా

హైదరాబాదు వెళ్ళినవాళ్ళకు చార్మినారు, గోలకొండ, సాలార్జంగు మ్యూజియం చూపించడానికి చుట్టాలు పోటీలు పడతారు. టంకశాల చూపిస్తానన్న చుట్టాన్ని మాత్రం నేను ఒక్కణ్ణే చూశాను. వాడు మా బావమరిది. బ్యాంకులో ఉద్యోగం, నాణేలు పోగుచెయ్యటం వ్యసనం. "బావగారూ, డబ్బు కోసం ఈ వూరు వచ్చేవాళ్ళు లక్షల్లో వున్నారు గానీ, డబ్బు పుట్టిన చోటు చూద్దామని వచ్చేవాడు ఒక్కడూ లేడు" అని వాడి బాధ.

ఆ బాధ తీర్చడానికే బయలుదేరాను. సచివాలయం పక్కన ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ మింట్ కాంపౌండు అంటారు. 1803లో సికందర్ జా కాలంలో పాతబస్తీలో సుల్తాన్‌షాహీ టంకశాల వెలిసింది. దాని తరవాత సరిగ్గా నూరేళ్ళకు, 1903లో, మహబూబ్ అలీఖాన్ హయాంలో సైఫాబాదులో యంత్రాలతో ఈ కొత్త టంకశాల లేచింది. 1950లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1997లో పనంతా చర్లపల్లికి తరలిపోయింది. పాత భవనం చాలాకాలం వూరికే పడివుండి, 2022లో మ్యూజియమై మళ్ళీ తలుపులు తెరిచింది.

లోపల నాణేలు కొట్టిన యంత్రాలూ, అచ్చులూ వున్నాయి. వాటిముందు నిలబడి మా బావమరిది నా జేబులోని చిల్లర బయటికి తీయించాడు. మీరూ తీసి చూడండి. నాణెం మీద సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం వుంటే అది హైదరాబాదులో పుట్టినది. వజ్రపు గుర్తు వుంటే ముంబాయి. గుండ్రని చుక్క వుంటే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. ఇన్నేళ్ళుగా రూపాయలు లెక్కపెట్టుకుంటున్నానే గాని, వాటికీ పుట్టినూళ్ళు వుంటాయని నాకు తట్టలేదు.

ఈ నక్షత్రాల గొడవ ఎందుకంటారా? నాణేల వెల తేల్చేది ఇటువంటి గుర్తులే. ఒకే ఏడు, ఒకే రూపాయి. ఒక టంకశాలలో కోట్ల కొద్దీ కొడితే, మరో చోట కొద్దిగానే కొట్టి వుండవచ్చు. తక్కువ కొట్టినదానికి గిరాకీ. ఆ తరవాత చూసేది నాణెం ఎంత అరిగిందని. అరగని నాణేనికీ, అరిగిన నాణేనికీ ధరలో పదింతలు తేడా వున్నా ఆశ్చర్యం లేదు. ఇంట్లో పాత వెండి రూపాయలు వున్న ఇల్లాళ్ళకు ఒక్క మాట: చింతపండు పెట్టి తోమకండి. మీరు తెప్పించిన తళతళకు విలువ పెరగదు సరికదా, సగం ఎగిరిపోతుంది.

ఇక్కడి నాణేల్లో అందమైనది చార్మినారు రూపాయి. మధ్యలో చార్మినారు, దాని కమానులో ఒక్క అక్షరం. మహబూబ్ అలీఖాన్ నాణెమైతే 'మీమ్', ఉస్మాన్ అలీఖాన్‌ది అయితే 'ఐన్'. రాజుగారి బొమ్మ లేదు, పేరు మొదటి అక్షరం మాత్రం గుమ్మంలో నిలబడివుంటుంది. తారీఖు హిజ్రీలో. బరువు పదకొండు గ్రాముల పైచిల్లర. ఏడు హాలీ సిక్కా రూపాయలు ఇంగ్లీషువారి ఆరు రూపాయలకు సుమారు సమానం. ఆ మారకం లెక్కలతో తలపట్టుకున్న తాతలు మన ఇళ్ళలో ఎంతమంది వుండేవారో!

మరి ఇప్పుడు ఆ రూపాయి ధర ఎంత? ఈ ప్రశ్న వెంటబెట్టుకునే ఆదివారం ఆబిడ్సుకు వెళ్ళాం.

ఆదివారం ఆబిడ్సు చూడవలసిందే. దుకాణాలు మూసివుంటాయి, వాటి ముందు కాలిబాట అంతా పుస్తకాలే. డాక్టరీ గ్రంథాల పక్కన వంటల పుస్తకాలు, అట్టలు పోయిన నవలలు, ఎవరో పిల్లవాడు గీతలు గీసిన లెక్కల పుస్తకాలు. ఆ గుట్టల్లోంచి మా బావమరిది ఒక ఇటుకరాయి లాంటి పుస్తకం పైకి తీశాడు. ప్రపంచ నాణేల ధరల సూచి. దాన్ని ఎత్తుకుంటే చెయ్యి పీకింది.

ఆ పుస్తకానిదీ ఒక కథే. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో అయోలా అనే పల్లె వుంది. అక్కడ చెస్టర్ క్రౌజ్ అనే ఆయన 1952లో నాణేల వార్తలతో ఒక పత్రిక పెట్టాడు. 1972లో ఆయనా, క్లిఫర్డ్ మిష్లర్ అనే ఆయనా కలిసి లోకంలోని నాణేలన్నిటికీ వరస నంబర్లు ఇచ్చి ధరల పట్టిక వేశారు. అందులో మన సంస్థానాల నాణేలున్నాయి, చార్మినారు రూపాయి వుంది. పల్లెటూళ్ళో అచ్చయిన పుస్తకం ప్రపంచమంతా నాణేల బేరాలకు పంచాంగమయింది. 2002లో ఆ సంస్థను మరో కంపెనీ కొన్నది. ఆ కంపెనీ 2019లో దివాలా తీసింది. ఆ తరవాత ఆ లావుపాటి పుస్తకానికి ఏటేటా కొత్త కూర్పు రావటం ఆగిపోయింది. ఆ నంబర్లు మాత్రం బతికే వున్నాయి. ఇంటర్నెట్టులోని జాబితాలు కూడా వాటినే వాడుకుంటున్నాయి.

"దీని ధర ఎంత?" అని బావమరిది అడిగాడు. పుస్తకాలాయన నవ్వి, "గిది పాత బుక్కు సార్. గీండ్ల రేట్లు ఇప్పుడు నడవయి. అన్నీ ఫోన్లనే వున్నయ్ గద!" అన్నాడు. తన సరుకు తానే నిరసించే వ్యాపారిని చూడటం నాకు అదే మొదలు. బేరం లేకుండానే పుస్తకం మా చేతికొచ్చింది.

ఆయన మాట అబద్ధం కాదు. అచ్చు పుస్తకంలో ధర అచ్చయ్యేనాటికే పాతబడుతుంది. ఫోనులో అయితే నిన్న వేలంలో పోయిన నాణెం ఇవాళ ఫోటోతో సహా కనబడుతుంది. కాకపోతే అడిగిన ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు. ఆ రెండూ పక్కపక్కనే వుండటంతో, తెలియనివాళ్ళు తమ రాగి కానీకి లక్ష వస్తుందని కలలు కంటారు.

బావమరిది గురువు లాంటి పెద్దాయన ఒకరు బర్కత్‌పురాలో వున్నారు. రిటైరయిన లెక్కల మాస్టారు. పుస్తకం చూపిద్దామని అక్కడికి తీసుకువెళ్ళాడు. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లను నిమిరినట్టు నిమిరారు.

"ఇది కొన్నావా? మంచిపని చేశావురా. ఫోనులో తాజా ధర వుంటుంది, కాదనను. కానీ ఈ పుస్తకంలో నేను ఏ పేజీ చూశానో దీనికి తెలియదు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన విప్పి చెప్పారు. ఇదివరకు వెల తెలుసుకోవాలంటే తలుపు వేసుకుని పుస్తకం తిరగేస్తే సరి. ఇప్పుడు వెతికిన ప్రతి నాణెమూ ఎక్కడో నమోదవుతుంది. కొన్నిచోట్ల మన దగ్గర వున్నవన్నీ జాబితా కట్టుకునే సదుపాయం కూడా ఇస్తారు. సౌకర్యమే, మొత్తం విలువ కూడా వాళ్ళే కూడి చెబుతారు. కానీ ఆ జాబితా పక్కన మన పేరు, వూరు, ఫోను నంబరు చేరితే? "ఫలానా వీధిలో ఫలానా ఇంట్లో ఇంత సొత్తు వుందని బోర్డు కట్టినట్టే కదండీ!" అన్నారు నాతో.

భయం పుస్తకాల్లో చదివి తెచ్చుకున్నది కాదు. రెండేళ్ళ క్రితం ఆయన మనవడు తాతను సంతోషపెడదామని నాణేలన్నీ ఫోటోలు తీసి, ఒక వెబ్‌సైటులో ఫోను నంబరుతో సహా పెట్టాడట. వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. ఒకడు రిజర్వు బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానన్నాడు. చార్మినారు రూపాయికి ఎనిమిది లక్షలిస్తాం, ముందు కమీషను కట్టమన్నాడు. మాస్టారు లెక్కల మనిషి కాబట్టి కట్టలేదు. అటువంటి వ్యవహారాలతో తమకు సంబంధం లేదనీ, కమీషన్లూ రుసుములూ తాము అడగమనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రజలను హెచ్చరించింది. అయినా ఆ ఫోన్ల తరవాత మాస్టారు నెలరోజులు రాత్రిళ్ళు సరిగా నిద్రపోలేదు. ఎవడో ఒకడు ఫోను చేసి, "ఇంట్లోనే వుంటారా సార్?" అని అడిగి పెట్టేశాడట. దొంగ అని చెప్పలేం, కొనేవాడేనేమో కూడా. ఆ "ఏమో" చాలదూ, నిద్ర పట్టకపోవటానికి?

ఫోటోలోనూ తంటా వుందని బావమరిది చెప్పాడు. ఫోనులో స్థలం చెప్పే సదుపాయం తెరిచివుంచి తీస్తే, ఆ ఫోటోలో ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు కూడా దాగి వుంటాయి. పైకి నాణెం బొమ్మే. లోపల ఇంటి గుర్తులు.

దాచుకోవటమంటే దొంగసొమ్మనుకునేవాళ్ళు కూడా వున్నారు. అది అన్యాయం. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే సర్కారుకు తెలపాలని 1878 నాటి చట్టం. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు. ఈ హద్దుల్లో వుండి, అణా అణా కూడబెట్టి కొనుక్కున్నవాడికి తన పెట్టెలో ఏముందో వూరికి చెప్పనక్కర్లేదు. నగలున్న ఇల్లాలు వీధిలో చాటింపు వేయిస్తుందా?

అసలు రహస్య నాణేలు ఈ వూరికి కొత్త కాదు. 1613లో జహంగీరు ఆగ్రాలో కొట్టించిన వెయ్యి తులాల బంగారు మొహరు, సుమారు పన్నెండు కిలోలది, నిజాముల ఖజానాకు చేరిందంటారు. 1987లో జెనీవాలో వేలానికి వచ్చింది. ఆ తరవాత లోకం కంట పడలేదు. పన్నెండు కిలోల నాణేన్ని దాచగలిగినవాళ్ళున్నారు. పదకొండు గ్రాములది దాచుకోవటానికి మాస్టారు అవస్థపడుతున్నారు.

ఇంతలో మాస్టారి భార్య కాఫీలు తెచ్చారు. మేం మాట్లాడుతున్నది వింటూ తలుపు దగ్గర నిలబడి, "అన్నయ్యగారూ, ఆయన అందరికీ తెలిసిపోయిందని బాధపడుతున్నారు గానీ, నాకేం తెలుసో అడగండి" అన్నారు నాతో.

ఆవిడకు ఏమీ తెలియదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ ఇనప్పెట్టెలో ఏ పొట్లం ఏమిటో ఆయన చెప్పలేదు. రాసుకున్న పుస్తకం వుంది. అదీ ఆయనకే తెలిసిన సంకేతాలతో. పై వీధిలో ఆయన స్నేహితులు ఒకరు అలాగే ఎవరికీ చెప్పకుండా పోయారట. ఆయన ముప్ఫై ఏళ్ళు వెతికి తెచ్చిన వెండి నాణేలను, ఇంట్లోవాళ్ళు తులాల లెక్కన వెండి కొట్లో ఇచ్చేశారు. మాస్టారు కబురు తెలిసి పరుగెత్తేసరికి అవి మూసలో పడ్డాయి. ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారింది. కమీషను మోసం చెప్పినప్పుడు మారలేదు.

కూడబెట్టేవాడి కష్టం ఇక్కడే వుందనిపించింది నాకు. తెలియవలసినవాళ్ళు నలుగురు, తెలియకూడనివాళ్ళు లోకమంతా. ఫోనులో పెట్టిన జాబితా లోకానికి తెలిసింది. ఇంట్లో ఆవిడకు తెలియలేదు.

"అయితే ఇప్పుడు చెప్పండి, నేను రాస్తాను" అని ఆవిడ పాలలెక్క రాసుకునే నోటుపుస్తకం పట్టుకొచ్చి కూర్చున్నారు. మాస్టారు కాసేపు గుంజాటన పడ్డారు. "ఇప్పుడెందుకే, వీళ్ళున్నారు" అన్నారు. "వాళ్ళుంటేనే చెబుతారు మీరు" అన్నదావిడ. చివరికి తాళంచెవి మొలనుంచి తీశారు.

ఒక్కొక్క పొట్లమే విప్పి, ఆబిడ్సు పుస్తకంలోని నంబరు చూసి చెబుతుంటే ఆవిడ రాసుకుంటూ పోయారు. ఎంతకు కొన్నారో అడిగినప్పుడు మాత్రం మాస్టారు మా బావమరిది వైపు చూసి దగ్గారు. చార్మినారు రూపాయి వచ్చినప్పుడు ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, "ఈ గుమ్మంలో ఇదేమిటి?" అన్నారు. 'మీమ్' సంగతి ఆయన అరగంట చెప్పారు. మా కాఫీలు చల్లారిపోయాయి.

మేం సెలవు తీసుకునేసరికి జాబితా నలభై రెండో నాణెం దాకా వచ్చింది. చింతపండుతో తోమకూడదన్న మాట ఆవిడ రెండుచోట్ల రాసి, కింద గీత గీశారు.